ఉచిత కోటా నిండితే మెయిల్ ఎందుకు ఆగాలి?

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఒకే జీమెయిల్ ఖాతా వాడుతున్నాను. ఉచితంగా ఇచ్చిన 15 జీబీ నిండిపోయిందంటూ రెండు నెలలుగా హెచ్చరికలు వస్తున్నాయి. నేను కొత్తగా దాచుకున్నదేమీ లేదు. పోయిన వారం నుంచి మెయిల్స్ రావడం కూడా ఆగిపోయింది. నెలనెలా చందా కడితేనే మళ్లీ వస్తాయట. ఇది న్యాయమేనా? డబ్బు కట్టకుండా బయటపడే మార్గం ఉందా?

జవాబు: కంపెనీ పేరు మారుతుంది, జీబీల అంకె మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే మళ్లీ మళ్లీ వస్తోంది కనుక ఈసారి మిగతా సందేహాలను పక్కన పెట్టి దీనికే చోటంతా ఇస్తున్నాను. ఫైళ్లు చెరపడం ఎలాగో ఇక్కడ వివరించను. పెద్ద ఫైళ్లను వరుసలో పైకి తెచ్చి చూపే పేజీ మీ ఖాతా సెట్టింగ్స్‌లోనే ఉంది. మెయిల్‌లోనూ, ఫైళ్లు దాచే గూగుల్ డ్రైవ్‌లోనూ చెరిపినవి ట్రాష్‌లో ఉన్నంతకాలం కోటాలోనే లెక్కకు వస్తాయన్న సంగతి ఒక్కటి గుర్తుంటే చాలు.

కొత్తగా ఏమీ దాచుకోలేదని మీరన్న మాట నిజమే కావచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్‌లు 2018 నుంచి గూగుల్ డ్రైవ్ కోటాలో లెక్కకు రాకుండా ఉండేవి. ఆ సౌకర్యాన్ని తీసేస్తున్నట్టు 2023 చివర ప్రకటించి, 2024లో అమలు చేశారు. అప్పటిదాకా ఎంత బరువున్నా అడిగే నాథుడు లేని బ్యాకప్, ఆ తరువాత మీ 15 జీబీలోంచే తన వాటా తీసుకోవడం మొదలుపెట్టింది. గ్రూపుల్లో ఎవరెవరో పంపిన వీడియోలన్నీ కలిపి బ్యాకప్ అవుతున్నాయేమో ముందుగా చూడండి. బ్యాకప్‌లో వీడియోలను చేర్చే ఆ ఒక్క స్విచ్ ఆపి, పాత బ్యాకప్ స్థానంలో చిన్నది తయారు కానిస్తే చాలామంది సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఇక న్యాయం సంగతి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఉచితమని ప్రకటించినప్పుడు, పోటీ సేవలు ఇస్తున్నది కొద్ది మెగాబైట్లే కావడంతో చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూల్ హాస్యమనుకున్నారు. 2013లో మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15 జీబీ చేశారు. యాపిల్ వారి ఆన్‌లైన్ స్టోరేజ్ సేవ ఐక్లౌడ్ 2011లో 5 జీబీతో మొదలైంది. పదేళ్లు దాటినా ఈ రెండు అంకెలూ పెరగలేదు గానీ, అదే కాలంలో ఫోన్ కెమెరాలు మాత్రం ఆగలేదు. కుదింపు బాగా ఉన్న పద్ధతిలో 4కే వీడియో తీస్తే సెకనుకు 30 ఫ్రేముల దగ్గర నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు, 60 ఫ్రేముల దగ్గర సుమారు 400 మెగాబైట్లు ఖర్చవుతాయి. ఈ రెండో లెక్కన 5 జీబీ అంటే పన్నెండున్నర నిమిషాల వీడియో. ఫోన్ తయారీదారు ఆ నాణ్యతను గొప్పగా చాటుకుంటాడు, అది ఎక్కడ దాచాలన్న ప్రశ్న మాత్రం మీకే వదిలేస్తాడు.

అయినా, ఉచిత కోటా చిన్నదిగా ఉండటమే అన్యాయమని నేను అనను. ఒక్కో ఫైలుకు ఒకటికి మించి ప్రతులు వేర్వేరు యంత్రాల్లో ఉంచాలి, చెడిపోయిన డిస్కులు మార్చాలి, కరెంటు ఖర్చు, శీతలీకరణ ఖర్చు ఎప్పుడూ ఉండేవే. ఎవరైనా మొదటి రోజే 5 జీబీ ఇస్తామని చెప్పి 5 జీబీ ఇస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నాకు కోపం తెప్పించేది, హద్దే లేదని పిలిచి, జనం సర్దుకున్నాక గోడ కట్టడం. గూగుల్ ఫొటోస్ 2015లో కుదించిన నాణ్యతలో ఎన్ని ఫొటోలైనా ఉచితమంటూ మొదలై, 2021 జూన్ 1తో ఆ తలుపు మూసింది. అంతకు ముందు పెట్టినవాటిని లెక్కలో చేర్చకపోవడం ఒక్కటే మెచ్చుకోదగ్గది. మైక్రోసాఫ్ట్ 2014లో ఆఫీస్ చందాదారులకు తన ఆన్‌లైన్ స్టోరేజ్ సేవ వన్‌డ్రైవ్‌లో హద్దులేని స్థలమని ప్రకటించి, కొందరు 75 టెరాబైట్లకు మించి నింపారన్న కారణం చూపి ఏడాది తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. ఆ కొద్దిమందిని ఆపడం మానేసి, అదే ఊపులో ఒక్క టెరాబైటు కూడా నింపని మామూలు వాళ్ల ఉచిత కోటాను 15 నుంచి 5 జీబీకి తగ్గించింది. మధ్యలో గడిచిన ఏళ్లలో జరిగిందేమిటంటే, చెరిపే అలవాటు మనలో చచ్చిపోయింది. అలవాటు చేసి అద్దె అడగడమంటే ఇదే.

ధరల పట్టికలో మరో కిటుకు ఉంది. వ్యక్తిగత ఖాతాలకు పెద్ద కంపెనీలు పెట్టిన మెట్లను చూడండి: 200 జీబీ తరువాత చాలాచోట్ల ఎక్కగలిగిన మెట్టు 2 టెరాబైట్లే. అవసరం 230 జీబీ అయినవాడు దాదాపు తొమ్మిదింతల స్థలానికి చందా కట్టాలి, దాదాపు తొంభై శాతం ఖాళీగా పడి ఉండాలి. మధ్యలో 500 జీబీ మెట్టు పెట్టడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. కుటుంబమంతా ఒకే ప్లాన్‌లో ఉంటే చిక్కు ఇంకొకటి: చందా కట్టే ఒక్కరి కార్డు గడువు తీరి చందా ఆగిపోతే, తమ ఉచిత కోటా దాటి ఉన్న మిగతావాళ్లందరి ఖాతాలూ ఒకేసారి నిండిపోయినట్టవుతాయి. బ్రిటన్‌లో విచ్ అనే వినియోగదారుల సంస్థ 2024 నవంబరులో ఐక్లౌడ్ విషయమై, ఫోన్ వాడేవారిని తన స్టోరేజ్‌కే కట్టిపడేసి ఎక్కువ ధర వసూలు చేస్తోందన్న ఆరోపణతో, దాదాపు 4 కోట్ల మంది తరఫున యాపిల్‌పై దావా మొదలుపెట్టింది. ఆ ఆరోపణ నిలుస్తుందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన మాట గానీ, ఫోన్ మొత్తాన్ని ఆన్‌లైన్‌లో బ్యాకప్ చేసే హక్కు ఒక్క సేవకే ఉన్నచోట ధరల పోటీ ఎలా పుడుతుందన్న ప్రశ్న మాత్రం సరైనదే.

వీటన్నిటికన్నా నేను పెద్ద తప్పుగా లెక్కించేది, ఫొటోల సంచిలోనే మెయిల్‌ను కూడా కట్టిపడేయడం. ఇంట్లో అటక నిండిందని తపాలా మనిషి ఉత్తరాలు వెనక్కి పట్టుకుపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. మెయిల్ ఇవాళ ఉత్తరాల డబ్బా మాత్రమే కాదు, మిగతా ఖాతాలన్నిటికీ తాళంచెవి: పాస్‌వర్డ్ మరిచిపోతే లింక్ అక్కడికే వస్తుంది, ఎవరో మీ ఖాతాలోకి చొరబడ్డారన్న హెచ్చరికా అక్కడికే వస్తుంది. కోటా నిండిన ఖాతాకు ఈ రెండూ చేరవు, చేరలేదన్న సంగతి పంపినవారికి తెలుస్తుంది తప్ప మీకు తెలియదు. ఒక్కో మామూలు మెయిల్ 50 కిలోబైట్లు అనుకున్నా, మెయిల్ కోసం విడిగా 1 జీబీ పక్కన పెడితే 20 వేల మెయిల్స్ పడతాయి. ఫొటోలు ఎంత నిండినా ఆ 1 జీబీని ముట్టుకోకుండా ఉంచడం కంపెనీలకు భారమని నేను నమ్మను. మెయిల్ ఆగితే మనిషి గాభరాపడి చందా కడతాడన్న లెక్క తప్ప, ఈ ముడి విప్పకపోవడానికి నాకు మరో కారణం కనిపించదు.

ఆ గాభరానే మోసగాళ్లు పంటగా కోసుకుంటున్నారు. నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది ఇది. "మీ స్టోరేజ్ నిండింది, 24 గంటల్లో మీ ఫొటోలన్నీ చెరిగిపోతాయి, ఇక్కడ నొక్కండి" అంటూ వచ్చే దొంగ మెయిల్స్ కొత్తవి కావు. అసలు కంపెనీలే వారం వారం అదే గొంతుతో, అదే ఎర్ర గీతతో, అదే బటన్‌తో భయపెడుతుండగా అసలుకూ నకిలీకీ తేడా పట్టగలిగేదెవరు? నొక్కమని మనకు తర్ఫీదు ఇచ్చింది వాళ్లే. నకిలీ పేజీ అడిగే మొత్తం చాలా చిన్నగా ఉంటుంది కనుక అనుమానం రాదు. అక్కడ కార్డు వివరాలు, ఖాతా పాస్‌వర్డ్, ఆ వెంటనే ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా టైప్ చేస్తే, అవతలివాడు అదే నిమిషంలో అసలు పేజీలో వాటిని వాడేస్తాడు.

గుర్తుపట్టే పద్ధతి ఒక్కటే చెబుతాను, మిగతావి నమ్మదగినవి కావు. హెచ్చరిక నిజమైనదైనా సరే అందులోని లింక్ నొక్కకండి. ఫోన్ సెట్టింగ్స్ నుంచి మీరే ఖాతా పేజీకి వెళ్లి కోటా ఎంతుందో చూసుకోండి. గడువు విషయానికొస్తే, గూగుల్ నియమం ప్రకారం కోటా దాటిన స్థితి వరుసగా రెండేళ్లు కొనసాగితే తప్ప మీరు దాచుకున్నవి తొలగించే మాట రాదు. 24 గంటల మాట ఎవరన్నా వాడు దొంగే.

ఇప్పటికే అలాంటి పేజీలో వివరాలిచ్చినవారు పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకుంటున్నారు, అది చాలదు. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న పరికరాలన్నిటినీ బయటకు పంపి, రికవరీ ఫోన్ నంబరు మీదేనా అని చూసి, ఆపైన మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ల పేజీలు తెరవాలి. చొరబడినవాడు మీ మెయిల్స్ తన చిరునామాకు మళ్లేలా ఒక నియమం రాసి పోతే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ కాలువ పారుతూనే ఉంటుంది. కార్డును బ్యాంకుకు చెప్పి ఆపించడం ఆలస్యం చేయకూడదు.

డబ్బు కట్టకుండా బయటపడాలని ఖాతా మీద ఖాతా తెరిచేవారి మీద కూడా నాకు ఓపిక నశించింది. అయిదు ఖాతాలు, అయిదింటికీ ఒకే పాస్‌వర్డ్, ఏ ఫొటో ఎక్కడుందో తమకే తెలియదు. రెండేళ్లు తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. మరిచిపోయిన నాలుగో ఖాతాలో పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఉన్నాయని ఆ తరువాత వాపోతే నేను చేయగలిగింది లేదు. ఊరూ పేరూ లేని యాప్ 1 టెరాబైటు ఉచితమంటే నమ్మి గుర్తింపు పత్రాల స్కాన్లు అందులో పడేసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

సరైన దారి ఫొటోలను మీ సొంత డిస్కులోకి దించుకోవడం, అయితే ఇక్కడా రెండు గోతులున్నాయి. సింక్ వేరు, బ్యాకప్ వేరు: సింక్ అవుతున్న ఫొటోను ఫోన్‌లో చెరిపితే క్లౌడ్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లో చెరిపితే ఫోన్‌లోనూ పోతుంది. రెండోది, మొత్తం ఖాతాను ఎగుమతి చేసే సదుపాయం ఉన్నచోట కూడా, ఫొటోలు ఒక ఫైలుగా, మీరు సరిదిద్దిన తేదీలూ వివరణలూ పక్కనే వేరే జేసన్ ఫైలుగా (వివరాలు మాత్రమే ఉండే టెక్స్ట్ ఫైలుగా) వస్తుంటాయి. వాటిని కలపకుండా డిస్కులో పోస్తే కొన్ని ఫొటోలు డౌన్‌లోడ్ చేసిన రోజు తేదీతో కనిపించవచ్చు. అప్పగించేటప్పుడు ఇంత అడ్డదిడ్డంగా అప్పగించే సేవ, చేర్చుకునేటప్పుడు ఒక్క నొక్కుతో చేర్చుకుంటుంది. డిస్కులోకి దించినవి తెరుచుకుంటున్నాయని, ప్రతి ఏడాదివీ ఉన్నాయని చూసుకున్నాకే, సింక్ ఆపి, క్లౌడ్‌లో చెరపండి. డిస్కు ఒక్కటే ఉంటే అది బ్యాకప్ కాదు కనుక రెండోది కూడా ఉంచండి. ఈ శ్రమ చేయలేనివారు చిన్న చందా కట్టడం తప్పేమీ కాదని కూడా చెబుతున్నాను.

మీ విషయంలో మాత్రం ఇవాళే కొంత ఖాళీ చేసి మెయిల్ రాక మొదలయ్యేలా చూడండి. ఈ వారంలో తిరిగిపోయిన మెయిల్స్ వాటంతటవే మళ్లీ రావు, పంపినవారే మళ్లీ పంపాలి. చిరునామా నుంచి మెయిల్ తిరిగి వచ్చిందంటే దాన్ని పనిచేయని చిరునామాగా గుర్తుపెట్టుకుని పంపడమే మానేసే వ్యవస్థలు చాలా ఉన్నాయి కనుక, బ్యాంకు, బీమా వంటి ముఖ్యమైన ఖాతాల్లోకి ఒక్కొక్కదానిలోకీ వెళ్లి మీ మెయిల్ చిరునామా ఇంకా చెల్లుబాటులోనే ఉందో లేదో చూసుకోండి.