పది పాసయ్యాక ఇంట్లోనే ఆగిపోతున్న ఆడపిల్లలు: ఊరి రేడియో ఏం చేయగలదు?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. నేను మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంటాను. మా దగ్గర ఆడపిల్లలు పది దాకా బాగానే చదువుతున్నారు. ఆ తర్వాత చాలామంది ఇంట్లోనే ఉండిపోతున్నారు, జూనియర్ కాలేజీకి మండల కేంద్రం దాకా పోవాలి మరి. ఇంటింటికీ తిరిగి చెప్పాం, అందరూ "సరేనమ్మా" అంటారు, రెండు నెలలకు సంబంధాలు చూడటం మొదలుపెడతారు. సొంతంగా రేడియో పెట్టుకుంటే బాగుంటుందని సంఘంలో అనుకున్నాం. దాంతో నిజంగా పనవుతుందా? ఏం చేయాలి?
- ఒక సంఘం సభ్యురాలు

జవాబు: దీనికోసం మీరు జిల్లా దాటి ఎక్కడికీ పోనక్కర్లేదు. ముందు నలుగురు కలిసి ఝరాసంగం మండలం మాచ్‌నూర్ వెళ్లి రండి. మన దేశంలో పల్లెటూరి మహిళలు నడిపిన మొదటి కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లే తమ కోసం నడుపుకునే రేడియో, అక్కడిదే, పేరు సంఘం రేడియో. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల వాళ్లు 2008 అక్టోబర్ 15న దాన్ని మొదలుపెట్టారు. మొదట్నించీ దాన్ని భుజాన వేసుకున్న జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఇద్దరూ దళిత మహిళలే. రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ అక్కడి ఆడవాళ్లే చేశారు. పొలం పని ముగించుకుని, వంట చేసుకుంటూ వినేలా ప్రసారాలు సాయంత్రం పూట పెట్టుకున్నారు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. మాచ్‌నూర్‌లో స్టూడియో 1998లోనే తయారైంది, లైసెన్స్ మాత్రం పదేళ్ల తర్వాత వచ్చింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని ఒక క్రికెట్ ప్రసారాల కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా, ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు మాత్రమే దారి ఇచ్చింది, మీలాంటి సంఘాల సంస్థలకు ఆ అవకాశం 2006లో గానీ రాలేదు. అన్నేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, కార్యక్రమాలు రికార్డు చేసుకుని సంఘం మీటింగుల్లో అందరికీ వినిపించారు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒక ఫోన్, ఒక చిన్న మైకు, మీటింగు రోజు పెట్టడానికి ఒక స్పీకర్ ఉంటే చాలు. లైసెన్స్‌కు దరఖాస్తు చేసే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు అయి ఉండాలి, ఒక్క మనిషి పేరు మీద గానీ, పార్టీ పేరు మీద గానీ ఇవ్వరు. దరఖాస్తు కేంద్ర సమాచార ప్రసార శాఖకు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, అనుమతులన్నీ అయ్యేసరికి చాలా కాలం పడుతుంది. అంతవరకు ఆగితే ఇప్పుడు పది చదువుతున్న పిల్లలకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టేస్తారు.

ఇక పనవుతుందా అన్నారు కదా. "ఆడపిల్లను చదివించండి, దేశం బాగుపడుతుంది" అని రోజూ చెప్తే మాత్రం అవ్వదు, ఇది ఖాయంగా చెప్పగలను. ఆ మాట గోడల మీదా బస్సుల మీదా రాసే ఉంది, మీ ఊళ్లో ఎవరూ దాన్ని కాదనరు కూడా. తల్లిదండ్రులు ఆగిపోయేది వేరే చోట: బస్సు లేదు, పొద్దుగూకాక పిల్ల ఒక్కతే రావాలి, నలుగురు ఏమంటారో, కాలేజీ ఖర్చెంత, హాస్టల్లో సీటు దొరుకుతుందా లేదా. వీటికి జవాబు ఇవ్వాల్సింది కలెక్టరో డాక్టరో కాదు, పక్క ఊళ్లో కూతుర్ని ఇంటర్ చదివిస్తున్న తల్లి. ఆమెను కూర్చోబెట్టి అడగండి: మీ పిల్ల ఎన్ని గంటలకు బయల్దేరుతుంది, ఎవరితో పోతుంది, బస్సు రాని రోజు ఏం చేస్తారు, మీ ఆయన్ని ఎట్ల ఒప్పించారు? "నలుగురు పిల్లలను జమ చేసి ఒక ఆటో మాట్లాడినం, నెలకింత ఇస్తున్నం" అని ఆమె తన మాటలో చెప్పిందనుకోండి, వింటున్న ఇంకో తల్లి ఆ రాత్రే తన వీధిలో ముగ్గుర్ని వెతుక్కుంటుంది. ఆ యాస దిద్దకండి. పేపర్లో రాసినట్టు మాట్లాడమని ఆమెను ఇబ్బంది పెడితే ఆమె మూగబోతుంది, వినేవాళ్లకూ అది మనది కాదనిపిస్తుంది. తండ్రుల్ని కూడా మాట్లాడించండి, ఊళ్లో గౌరవం ఉన్న ఒక రైతు "నా బిడ్డ కాలేజీకి పోతోంది" అని మైకులో అంటే దాని బరువు వేరు.

అన్నిటికంటే ముఖ్యం, సమయం. పది ఫలితాలు వచ్చిన రోజు నుంచి కాలేజీలో చేరే దాకా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే అంతా తేలిపోతుంది. ఒక సబ్జెక్టు, చాలాసార్లు లెక్కలు గానీ ఇంగ్లీషు గానీ పోతుంది, "ఇక చదువు అబ్బదులే" అని ఇంట్లో తీర్మానం చేసేస్తారు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చని ఆ పిల్లకు తెలిసినా ఇంట్లో పెద్దలకు తెలియదు, ఫీజు కట్టే ఆఖరి తేదీ దాటాక తెలిసి ఏం లాభం? ఆ తేదీని రోజూ చెప్పండి, పొద్దునా సాయంత్రమూ, విసుగొచ్చేదాకా. కస్తూర్బా విద్యాలయాల్లో ఆరు నుంచి పది దాకా ఉచితంగా ఉంచి చదివిస్తారు, చాలా చోట్ల ఇంటర్ కూడా వచ్చింది, మీ మండలంలో ఉన్నదాని సంగతి కనుక్కుని చెప్పండి. మధ్యలో మానేసిన పిల్లకు 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు. ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు సరే, అసలు బస్సు రాని ఊరికి ఆ ఉచితం వల్ల ఒరిగేదేమీ లేదు, కాబట్టి కాలేజీ టైముకు బస్సు వేయమని ఎన్ని ఊళ్లు అడుగుతున్నాయో ఆయా ఊళ్ల పిల్లలతోనే చెప్పించి, డిపో మేనేజర్‌ను పిలిచి వినిపించండి. నాకైతే ఉపన్యాసాల కంటే ఈ ఒక్క కార్యక్రమం మీదే ఎక్కువ నమ్మకం.

లైసెన్స్ వచ్చాక ఒక సంగతి గుర్తుంచుకోండి. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చదవడానికీ రాజకీయాలు మాట్లాడటానికీ వీల్లేదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవున్నట్టు వేసుకోవచ్చు. పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్ల సమాచారానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. యూట్యూబ్ వదిలేసి ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు?
- డిగ్రీ విద్యార్థి, వికారాబాద్ జిల్లా

జవాబు: అందరి చేతిలోనా? మీ ఇంట్లోనే చూడండి, స్మార్ట్‌ఫోన్ ఎవరి దగ్గర ఉంది, మీ దగ్గరా మీ చెల్లెలి దగ్గరా? చాలా ఇళ్లలో అమ్మ చేతిలో ఉండేది బటన్ ఫోన్, దాంట్లో ఎఫ్ఎం వస్తుంది, రీచార్జి అయిపోయినా వస్తుంది. పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకుని వింటారు, చేతులకు పనుంటుంది కాబట్టి వీడియో చూడటం కుదరదు. పైగా ఇది ఊళ్లకు ఊళ్లు వినే పెద్ద స్టేషన్ కాదు, మామూలుగా 100 వాట్లకు మించని ప్రసార శక్తి, 30 మీటర్లకు మించని టవర్, అంతే. చుట్టుపక్కల ఊళ్లకే వినిపిస్తుంది, మాట్లాడే మనిషి ఎవరి కోడలో ఎవరి బిడ్డో వినేవాళ్లకు తెలుస్తుంది. యూట్యూబ్‌లో ఎంత మంచి వీడియో అయినా అంత దగ్గరగా రాదు. మీకు ఫోన్లు బాగా వచ్చు కాబట్టి ప్రసారమైన ముక్కల్ని ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పని మీరు తీసుకోండి, రెండూ కలిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మా దగ్గర ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పెళ్లిని ఈమధ్యే ఆపించాం. పేరు మార్చి ఆమెతో రేడియోలో మాట్లాడిస్తే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది కదా?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ తపన అర్థమైంది, కానీ దయచేసి వద్దు. పేరు మార్చినా గొంతు మారదు. పది ఊళ్లకే వినిపించే రేడియోలో ఆ గొంతు ఎవరిదో నిమిషంలో గుర్తుపడతారు, ఆ రాత్రి ఆ పిల్ల ఉండేది అదే ఇంట్లో. పైగా చట్టం కూడా ఒప్పుకోదు: ఇలాంటి పిల్లలు ఎవరో తెలిసిపోయే ఏ వివరాన్నీ బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్‌లో ఉంది. కావాలంటే 18 నిండాక చదువుకుని ఉద్యోగం చేస్తున్న, తనంతట తాను మాట్లాడతానని ముందుకొచ్చిన అమ్మాయిని పిలవండి. 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరమని, కల్యాణలక్ష్మి కూడా రాదని, ఎవరైనా పేరు చెప్పకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని ప్రతి కార్యక్రమం చివర చదివించండి. ఆ అమ్మాయి మళ్లీ బడికి వస్తోందా లేదా అన్నది మాత్రం రోజూ మీరే చూసుకోండి, రెండు రోజులు కనపడకపోతే ఇంటికి వెళ్లి అడగండి.