సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్‌లో 2018లో కౌన్సిల్ ఎందుకు చేతులు మారింది?

ఇంగ్లండ్‌లోని ఒక గ్రామీణ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఏళ్ల తరబడి కన్జర్వేటివ్‌ల చేతిలో ఉండి, 2018లో ఒక్క ఎన్నికతో లిబరల్ డెమోక్రాట్ల వశం ఎలా అయిందని, అక్కడి తెలుగువారెవరైనా వివరించగలరా అని అడిగారు. సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ జిల్లాలోని కేంబోర్న్‌లో నేను 2014 నుంచి కుటుంబంతో ఉంటున్నాను. ఆ ఎన్నికలో ఓటు కూడా వేశాను. ప్రజల మనసు మారిందన్న ఒక్క మాటతో ఈ మార్పును వివరించలేమని నా అభిప్రాయం. అక్కడి జనం మారారు, ఓటు వేసే పద్ధతి కూడా మారింది.

మొదట ఈ జిల్లా ఆకారం తెలియాలి. గారె మధ్యలో చిల్లు ఉన్నట్టుగా, నడుమ కేంబ్రిడ్జ్ నగరం వేరే కౌన్సిల్ కింద ఉంటే, దాని చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిసి ఈ జిల్లా అయ్యాయి. 1972 నాటి స్థానిక పాలనా చట్టం ప్రకారం చెస్టర్టన్, సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ అనే రెండు పాత గ్రామీణ జిల్లాలను కలిపి దీన్ని ఏర్పరిచారు. ఎన్నికలు 1973లో జరిగాయి, కౌన్సిల్ 1974 ఏప్రిల్ 1న బాధ్యతలు చేపట్టింది. కౌన్సిల్ కార్యాలయం కూడా 2004లో కేంబోర్న్‌కు తరలివచ్చే దాకా కేంబ్రిడ్జ్ నగరంలోనే, అంటే తన పరిధికి వెలుపలే, ఉండేది.

తొలి కౌన్సిళ్లలో ఏ పార్టీకీ చెందని స్వతంత్రులదే పైచేయి. మన పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండకూడదన్నది చట్టం పెట్టిన నియమం. ఇక్కడ అటువంటి నిషేధం ఏమీ లేకపోయినా, ఊళ్లో పేరున్న మనిషిని పార్టీ చూడకుండా పంపడం ఆనవాయితీగా సాగింది. పార్టీలు క్రమంగా బలపడి స్వతంత్రులు తగ్గిపోయాక, ఎవరికీ మెజారిటీ రాని కాలం ఒకటి నడిచింది. 2007లో కన్జర్వేటివ్‌లకు పూర్తి ఆధిపత్యం దక్కి, 2018 దాకా నిలిచింది.

అన్నాళ్లు నిలవడానికి పాత ఎన్నికల పద్ధతి కూడా ఒక కారణమని నేను అనుకుంటాను. అప్పట్లో ఏటా కౌన్సిల్‌లో మూడో వంతు స్థానాలకే ఎన్నిక జరిగేది, నాలుగో ఏడాది జిల్లాకు పై అంచె అయిన కౌంటీ కౌన్సిల్ ఎన్నికలు వచ్చేవి. ఒకే సభ్యుడున్న చిన్న ఊరివాళ్లకు నాలుగేళ్లకొక్కసారే జిల్లా ఓటు దక్కేది, ముగ్గురు సభ్యులున్న పెద్ద ఊళ్లవాళ్లు మాత్రం దాదాపు ఏటా వేసేవారు. గాలి ఎటు వీచినా ఒక ఏడాదిలో కౌన్సిల్ తలకిందులు కావడం కష్టం. 2018లో హద్దులు తిరగగీసి, 57 స్థానాలను 45కు తగ్గించి, అన్నిటికీ ఒకేసారి నాలుగేళ్లకు ఎన్నిక పెట్టారు. లిబరల్ డెమోక్రాట్లు 30, కన్జర్వేటివ్‌లు 11, లేబర్ 2, స్వతంత్రులు 2 గెలిచారు.

ఆ రోజు సంగతి నాకు బాగా గుర్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పోలింగ్ కేంద్రంలో పేరు, చిరునామా చెప్పగానే పొడవాటి బ్యాలెట్ కాగితం చేతికిచ్చారు. మా వార్డుకు ముగ్గురు సభ్యులు కనుక ముగ్గురి వరకు గుర్తు పెట్టవచ్చు. బల్లకు దారంతో కట్టిన పెన్సిలుతో పేర్ల పక్కన ఇంటూ గుర్తులు పెట్టి, మడిచి పెట్టెలో వేశాను. వేలికి సిరా పూయకుండానే బయటికి పంపేస్తే, ఏదో మరిచిపోయారేమోనని ఒక క్షణం ఆగాను కూడా. ఇంటికి వస్తూ ఆలోచిస్తే అర్థమైంది: ఒక పార్టీని ఇష్టపడ్డవారు మూడు గుర్తులూ దానికే పెడతారు, కాబట్టి కొద్దిపాటి ఆధిక్యం ఉన్న పార్టీ మూడు స్థానాలూ ఊడ్చుకుపోతుంది.

ఇక జనం సంగతి. కేంబోర్న్ నిర్మాణం 1998లో మొదలైంది. అంతకుముందు అక్కడ పొలాలే. తర్వాత నార్త్‌స్టో వంటి కొత్త పట్టణాలు వచ్చాయి. సైన్సు, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే కుటుంబాలు, మావంటి తెలుగు కుటుంబాలు కూడా, ఇలాంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. 2016 రెఫరెండంలో జిల్లాలో 60 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉండాలని ఓటు వేశారు. బ్రెగ్జిట్‌ను వ్యతిరేకించిన లిబరల్ డెమోక్రాట్లకు ఇది అనుకూలించిందన్నది నా అంచనా. దీనికి తోడు, ఇళ్ల అనుమతులూ చెత్త సేకరణా జిల్లా కౌన్సిల్ చేతిలో ఉంటాయి, బడులూ రోడ్లూ కౌంటీవి. అందుకే ఇక్కడ గుమ్మం దగ్గరికి వచ్చే అభ్యర్థితో జరిగే మాటల్లో సగం కొత్త ఇళ్ల గురించే ఉంటాయి.

2022లో లిబరల్ డెమోక్రాట్ల బలం 37కు పెరిగింది, మిగిలిన 8 కన్జర్వేటివ్‌లకు దక్కాయి. 2024లో ఈ కౌన్సిల్ సభ్యులైన పిప్పా హేలింగ్స్, ఇయాన్ సోలమ్ ఇద్దరూ పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

మీరు ఇక్కడికి వచ్చే ఆలోచనలో ఉంటే ఒక మాట. పౌరసత్వం ఉంటేనే ఓటు అని ఒక మిత్రుడు చెప్పగా నమ్మి, నేను మూడేళ్లు పేరు నమోదు చేసుకోలేదు. ఆ మాట తప్పు. చట్టబద్ధమైన వీసాతో ఇక్కడ నివసించే భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా అర్హులే. 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు అడుగుతున్నారు, దానికి భారత పాస్‌పోర్టు సరిపోతుంది.