బాపు పేర్లు మర్చిపోవుడు: జబ్బా, వయసా?

తమ్మీ, మీ బాపుకు 68 ఏండ్లు, హన్మకొండ చౌరస్తాల పాత దోస్తు ఎదురైతే పేరు యాదికి రాలే, ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే టక్కున గుర్తొచ్చిందని రాసినవు. ఆ 'టక్కున' అన్నదే అసలు సంగతి. పేరు చెరిగిపోలే, వెతికి తెచ్చుకునుడు ఆలస్యమైంది.

మెదడుల చూపుకొక అల్లిక, అంటే కలిసి పనిచేసే భాగాల గుంపు, ధ్యాసకొకటి, మనసు ఊరికే తిరిగేటప్పుడు నడిచేది ఇంకొకటి. వయసుల ఉన్నప్పుడు ఇవి చాలావరకు వేటికవే నడుస్తయి. ఏండ్లు మీదపడ్డకొద్దీ ఒక్కో అల్లిక లోపలి దారులు పలచబడి, వాటి మధ్య హద్దులు చెదురుతయి. కొత్త జ్ఞాపకాలను పోగేసే హిప్పోకాంపస్ కూడా కొంచెం కుంచించుకపోతది. మాటల సంపద మాత్రం అంత తొందరగా తరగదు. మా నాయిన అద్దాలు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంతా వెతుకుతడు, ఆజంజాహి మిల్లు సైరన్ ఎప్పుడు మోగేదో అడిగితే నిమిషంతో సహా చెప్తడు!

ముందుగాల బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించు. చెవులు చూపించు, సగం విన్న మాట యాదిల ఎట్లుంటది? నిద్రగోళీలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పు. పొద్దున భద్రకాళి బండ్ మీద నడిపించు. 2011ల వచ్చిన ఒక అమెరికా పరిశోధనల 120 మంది పెద్దవాళ్లను చూసిన్రు. ఏడాదిపాటు వారానికి మూడుసార్లు నడిచినవాళ్ల హిప్పోకాంపస్ 2 శాతం దాకా పెరిగింది.

తెలిసిన గల్లీల దారి తప్పినా, అడిగిందే పదిసార్లు అడిగినా, పింఛను పైసల లెక్క అందకున్నా ఆగకు, న్యూరాలజిస్టు దగ్గరికి తోల్కపో.