బైబిల్ సొంతంగా చదివి అర్థం చేసుకోకూడదా?

ప్రశ్న: ఏడాదిగా రోజూ బైబిల్ చదువుతున్నానండి. మొన్న బైబిల్ స్టడీలో ఒక వచనం నాకు ఎలా అర్థమైందో చెప్పబోతే, స్టడీ నడిపే బ్రదర్ "సొంత అర్థాలు చెప్పకూడదమ్మా, 2 పేతురు 1:20 చూడు" అని ఆపేశారు. నా ఫ్రెండేమో పరిశుద్ధాత్మ ఉండగా మధ్యలో ఈ బోధకులెందుకు అంటుంది. ఎవరు కరెక్ట్? – పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ వచనమే తెరవండమ్మా. మన పాత తెలుగు బైబిల్లో ఉన్నది, ఒకడు తన ఊహని బట్టి చెప్తే ప్రవచనం పుట్టదు అని. అంటే అక్కడ మాట ప్రవక్త గురించి, చదివేవాళ్ళ గురించి కాదు, ప్రవక్తలు పరిశుద్ధాత్మ ప్రేరణతో పలికారనే 21వ వచనం కూడా అటే పోతుంది. కాకపోతే గ్రీకులో ఉన్న మాటకి 'విప్పి చెప్పడం' అనే అర్థం ఉంది కాబట్టి దాన్ని చదివేవాళ్ళకి వర్తింపజేసేవాళ్ళూ ఉన్నారు, ముఖ్యంగా కాథలిక్కుల్లో. మిమ్మల్ని ఆపడానికి వాడిన వచనానికే రెండు అర్థాలన్నమాట!

అలాగని మీ ఫ్రెండ్ మాటా నిలబడదు. ఆ రెండిట్లో ఒకటి ఎంచి మన చేతికిచ్చింది అనువాదకులే కదా. అసలు కొత్త నిబంధనలో ఈ 27 పుస్తకాలే ఉండాలని మీరూ నేనూ తేల్చలేదు, 367లో అతనాసియస్ అనే బిషప్ రాసిన లేఖలో సరిగ్గా ఈ లిస్టు కనిపిస్తుంది. ఒంటరిగా చదువుతున్నాం అనుకుంటాం గానీ గదిలో చాలామందే ఉంటారు.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి తెర తీసిన లూథర్ సంగతే చూడండి. 1521లో జర్మనీలోని వర్మ్స్ సభలో, తన రాతల్ని వెనక్కి తీసుకోమంటే, లేఖనంతోనో స్పష్టమైన కారణంతోనో ఒప్పిస్తే తప్ప నా మాట వెనక్కి తీసుకోను అన్నాడు. అదే మనిషి 1529లో మార్బర్గ్‌లో జ్వింగ్లీ అనే స్విస్ సంస్కర్తతో చర్చకి కూర్చున్నాడు, ఇద్దరూ లేఖనమే చాలన్నవాళ్ళే, 15 అంశాల్లో 14 కుదిరాయి, ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా, లేక అది గుర్తు మాత్రమేనా అన్న దగ్గర చెడింది. "ఇది నా శరీరం" అన్న మాట లూథర్ బల్ల మీద సుద్దముక్కతో రాసుకుని మరీ కూర్చున్నాడు, ఇంక కదిలితే ఒట్టు.

మీరు ఏ సంఘమో రాయలేదు. కాథలిక్ అయితే 1546లో ట్రెంట్ సభ, సంఘం పట్టుకున్న అర్థానికి విరుద్ధంగా సొంత అర్థం చెప్పకూడదని కట్టడి చేసిన మాట నిజమే, కానీ 1965లో రెండో వాటికన్ సభ, బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అంది, విశ్వాసులంతా తరచుగా బైబిల్ చదవాలనీ అంది. ప్రొటెస్టెంట్ అయితే బెరయ అనే ఊరివాళ్ళున్నారు, అపొస్తలుల కార్యములు 17:11, పౌలు చెప్పింది కూడా నిజమా కాదా అని రోజూ లేఖనాల్లో వెతికారు, అందుకు వాళ్ళని మెచ్చుకున్నారే గానీ ఎవరూ తిట్టలేదు. ఆ పుస్తకంలోనే 8వ అధ్యాయంలో రథంలో లేఖనం చదువుకుంటున్న ఐతియొపీయుడు, ఎవరూ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అని ఫిలిప్పుని రథం ఎక్కించుకున్నాడు. నాకు ఈ ఇద్దరూ కావాలి.

బ్రదర్‌తో గొడవ వద్దు. ఈసారి 20, 21 రెండూ కలిపి అందరూ పైకి చదువుదాం అనండి, చదివాక ఆయన ఎందుకలా అనుకుంటున్నారో ఓపిగ్గా వినండి, తర్వాత ఆ రోజు సగంలో ఆగిన మీ మాట పూర్తి చెయ్యండి.