జపనీస్‌లో డిగ్రీ చేస్తానంటే ఒప్పుకోవాలా? చదివినదాన్ని కాబట్టి చెబుతున్నా

"మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. బీటెక్ వద్దంటోంది, జపనీసో కొరియనో డిగ్రీగా చదువుతానంటోంది. భాషే కదా, ఆర్నెల్లు కోచింగ్‌లో నేర్చుకుని వేరే డిగ్రీ చేసుకుంటే సరిపోదా?" అని మీరు అడిగారు. చాలా ఏళ్ళ క్రితం మా నాన్న నన్ను అడిగిందీ ఇదే ప్రశ్న. మాది మాచర్ల, నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. నేను ఢిల్లీలో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జపనీస్‌లో బీఏ ఆనర్స్, తర్వాత ఎంఏ చేశాను. ఇప్పుడు ఒక జపాన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను.

ఉద్యోగానికి పనికొచ్చేంత భాష ఒక్కటే కావాలంటే డిగ్రీ అక్కర్లేదు, కోచింగ్ చాలు. ఆర్నెల్లు మాత్రం చాలవు, కనీసం రెండు మూడేళ్ళు పడుతుంది. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఐదు మెట్లు, ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 అన్నిటికంటే కష్టం. "ఆరు నెలల్లో ఎన్3, ఉద్యోగం గ్యారంటీ" అన్న ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టిన నా స్నేహితురాలికి ఆర్నెల్ల తర్వాత ఎన్5 వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాను. బీటెక్ చేసి పక్కన జపనీస్ నేర్చుకుని ఎన్2 పాసైనవాళ్ళకి మా ఆఫీసులో నాకంటే ఎక్కువ జీతం. కాబట్టి జీతం లెక్క మీద ఈ డిగ్రీకి పంపకండి. పంపాల్సిన కారణం వేరే ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటి వారంలో మేడమ్ బోర్డు మీద హిరాగన, అంటే జపనీస్ మూల అక్షరాల పట్టిక రాశారు. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరస క, స, త, న, హ, మ, య, ర, వ. అందరూ గబగబా ఎక్కించుకుంటున్నారు. నాకేమో దీన్ని ఎక్కడో చూసినట్టే ఉంది. నోట్సులో పక్కనే మన వరస రాసుకున్నాను: క, చ, ట, త, ప, ఆ తర్వాత మ, య, ర, వ. వాళ్ళ వరసలో చ ఉండాల్సిన చోట స ఉంది, ప ఉండాల్సిన చోట హ ఉంది. మిగతాదంతా దాదాపు మన గుణింతాల పుస్తకమే. మేడమ్‌ని అడిగితే నవ్వి, "వచ్చే సెమిస్టర్ బౌద్ధం పేపర్లో దొరుకుతుంది జవాబు" అన్నారు.

నిజంగానే దొరికింది. జపాన్ భిక్షువులు సంస్కృత మంత్రాలు సరిగ్గా పలకడానికి సిద్ధం అనే మన పాత లిపిని నేర్చుకునేవారు. ఆ చదువు ప్రభావంతోనే వాళ్ళ అక్షరాలకి ఈ వరస వచ్చింది. ఇప్పుడు హ అని పలికేది పాత జపనీస్‌లో ప. స కూడా ఒకప్పుడు చ కి దగ్గరగా ఉండేదంటారు. ఆ కాలం ఉచ్చారణతో చదువుకుంటే వరస మనదానికి ఇంకా దగ్గరవుతుంది. కోచింగ్‌లో ఈ పట్టికని రెండు రోజుల్లో బట్టీ పట్టిస్తారు. తప్పులేదు, బట్టీ పట్టాల్సిందే. కానీ ఆ వరస అలా ఎందుకుందని అడిగితే జవాబు కోసం ఉచ్చారణ శాస్త్రం, మతం, చరిత్ర మూడు తలుపులూ తట్టాలి. ప్రాస్పెక్టస్‌లో ఇంటర్‌డిసిప్లినరీ అని రాస్తారే, అది ఇదే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. రెండో ఏడాది ఒక వ్యాసం చదవమని ఇచ్చారు. అందులో ఒక పేరు, రెండు కంజిలు (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చెప్పే అక్షరాలు). మొదటిదానికి అర్థం డ్రాగన్, రెండోదానికి చెట్టు. చదవడం "ర్యూజు". ఎవరీ డ్రాగన్ చెట్టు అని నిఘంటువు తీస్తే, ఆచార్య నాగార్జునుడు! నాగకి డ్రాగన్, అర్జునకి చెట్టు. అర్జున అంటే మన తెల్లమద్ది. చైనాలో అలా అనువదించిన పేరే జపాన్‌కి చేరింది. అక్కడ ఆయన్ని ఎనిమిది బౌద్ధ శాఖలకి మూలగురువుగా చెప్పుకుంటారు. ఆయన నిజంగా మా నాగార్జునకొండలో ఉన్నారా అనేది చరిత్రకారులు తేల్చలేదు, అది వేరే సంగతి. కానీ స్కూల్ పిక్నిక్‌కి లాంచీలో ఆ కొండకి వెళ్ళి, మ్యూజియంలో శాసనాల వైపు చూడకుండా పులిహోర ఎప్పుడు పెడతారా అని నిలబడ్డదాన్ని నేను. ఎంఏలో మళ్ళీ అదే కొండ మీద టర్మ్ పేపర్ రాశాను. అక్కడ బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తంబపణ్ణి పేర్లు వరసగా వస్తాయి. తంబపణ్ణి అంటే శ్రీలంక. మా ఊరి పక్క కొండకి చైనాతో ఏం పనో తెలుసుకోవడానికి నేను ఢిల్లీ దాకా వెళ్ళి జపనీస్ చదవాల్సి వచ్చింది.

మీ అమ్మాయికి తెలుగు బాగా వస్తే వ్యాకరణంలో కొంత సుఖపడుతుంది. "తబెతె మిరు" అంటే అక్షరాలా "తిని చూడు". "కైతె ఒకు" అంటే "రాసి పెట్టు". "తబెతె షిమత్త" మన "తినేశాను". "వస్తానని అన్నాడు"లో మనకి "అని" ఎలాగో, వాళ్ళకి "తొ" అలాగ. క్రియ చివర్లోనే, విభక్తి పేరు వెనకే. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునే ఢిల్లీ పిల్లలు నెల రోజులు కుస్తీ పట్టినవి నాకు ఒక్క పూటలో వచ్చాయి. సెలవులకి ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ, "అయితే అక్కడా తిని చూడమంటారన్నమాట, మనుషులే" అంది.

అప్పట్లో జపనీస్, తెలుగు చుట్టాలేనని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళంతో అలాంటి చుట్టరికమే ఉందని వాదించారు కూడా. ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. వాక్యం కట్టే తీరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారని క్లాసులో నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. అదీ చదువులో భాగమే.

తెలుగు దెబ్బకొట్టే చోటు మర్యాద. ఉద్యోగంలో చేరిన కొత్తలో బయటి కంపెనీ ఆయన ఫోన్ చేసి మా మేనేజర్ ఉన్నారా అని అడిగారు. నేను మన అలవాటు ప్రకారం పేరుకి మన "గారు" లాంటి "సాన్" తగిలించి, గౌరవ క్రియ వాడి "సారు లేరండి" అన్నంత వినయంగా చెప్పాను. పక్కనున్న జపాన్ ఆవిడ ముఖం మాడిపోయింది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన కంపెనీవాళ్ళని, ఎంత పెద్ద మేనేజరైనా సరే, తగ్గించి చెప్పాలి. పేరుకి సాన్ ఉండకూడదు. మనకేమో "మా నాన్న ఊళ్ళో లేడు" అంటే పెద్దవాళ్ళు కళ్ళెర్ర చేస్తారు, "నాన్నగారు లేరండి" అనాలి. వాళ్ళకి ఇంటివాడికి గారు తగిలించడమే మోటు. నేను ఈ లోపలివాళ్ళు, బయటివాళ్ళు తేడా మీద పరీక్షలో ఎనిమిది పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఫోన్ మోగేసరికి మాత్రం మాచర్ల మర్యాదే నోట్లోంచి వచ్చింది. చదివినదాని వల్ల లాభం ఏమిటంటే, ఎక్కడ తప్పానో నాకు వెంటనే తెలిసింది.

ఇక కష్టాలు. కంజి అసలు టెన్షన్. జపాన్ ప్రభుత్వం వాడుకకి నిర్ణయించిన జాబితాలోనే 2136 ఉన్నాయి, ఒక్కోదానికి రెండు మూడు రకాల చదువు. రోజూ రాయకపోతే వారంలో పోతాయి. మా బ్యాచ్‌లో మొదటి ఏడాదికే కొందరు మానేశారు, ఎక్కువమంది అనిమే (జపాన్ కార్టూన్లు) చూసి వచ్చినవాళ్ళే. బీఏ అయ్యేసరికి నాకు ఎన్3, ఎంఏలో ఎన్2. ఎన్1 రెండుసార్లు తప్పాను. ఆ పరీక్ష ఏటా జులైలో, డిసెంబర్‌లో ఉంటుంది. అందులో మాట్లాడించరు, చేత్తో రాయించరు. అందుకే సర్టిఫికెట్ ఉండీ నోరు పెగలనివాళ్ళు చాలామంది కనిపిస్తారు. మా క్లాసులో వారానికోసారి లేచి నిలబడి మాట్లాడాల్సిందే. అప్పట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు జీతం దానికే వస్తోంది.

ఉద్యోగాలు లేవనను. శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి. కొరియన్ అయితే పెనుకొండ దగ్గర కియా ఉంది. ఉత్త రాత అనువాదం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దనండి, ఆ పని ఇప్పుడు చాలావరకు యంత్రమే చేసేస్తోంది. మా ఫ్లోర్ మీద ఇంజనీర్ల మధ్య నిలబడి, ఇద్దరూ అనని మాట కూడా అర్థం చేసుకుని చెప్పేవాళ్ళకి ఇంకా గిరాకీ ఉంది.

ఎక్కడ చదవాలంటే, ఢిల్లీ జేఎన్‌యూలో జపనీస్, కొరియన్, చైనీస్ మూడింటిలోనూ బీఏ ఆనర్స్ ఉంది. ప్రవేశం కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా, ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. హైదరాబాద్ తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. చైనీస్ మీద ఇష్టముంటే శాంతినికేతన్‌లో 1937 నాటి చీనా భవన్ ఉంది. ఎక్కడైనా ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూడండి. భాష పేపర్లతో పాటు చరిత్ర, సాహిత్యం, సమాజం పేపర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి లేకపోతే అది మూడేళ్ళ కోచింగే. జపనీస్ ప్రధానంగా చదివే డిగ్రీ విద్యార్థులకి ఏడాదిపాటు అక్కడే చదువుకునేలా జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒకటుంది, చేరిన రోజు నుంచే దాని మీద కన్నేసి ఉంచమనండి.

అమెరికాలో అయితే కొన్ని ఆసియా భాషల విభాగాల్లో మన తెలుగు కూడా ఒక సబ్జెక్టు. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించింది అలాంటి విభాగంలోనే. అక్కడి పిల్లలు మన భాషని ఏరికోరి చదువుతారు. మనమేమో జపనీస్ చదువుతానంటే ఇంట్లో పంచాయితీ పెడతాం!

అమ్మాయిది మోజో, ఇష్టమో తేల్చుకోవాలంటే ఒక పని చేయండి. హిరాగన 46, విదేశీ మాటలు రాసే కతకన 46, మొత్తం 92 అక్షరాలు. ఇప్పటినుంచే రోజుకి అరగంట కూర్చోమనండి, మూడు వారాల్లో వస్తాయి. తర్వాత రోజుకి మూడు కంజిలు, మీరు గుర్తుచేయకుండా. సీయూఈటీ దరఖాస్తు తెరిచేనాటికి ఆ నోట్సు ఎంత నిండిందో మీకే కనిపిస్తుంది. ఎందుకైనా మంచిది, ఈఏపీసెట్ కూడా రాయించండి. మా నాన్న రాయించారు. సీటు కూడా వచ్చింది. ఆ అలాట్‌మెంట్ కాగితం వెనక ఖాళీలో నా మొదటి కంజిలు ఇప్పటికీ ఉన్నాయి.