నార్త్ టెక్సస్‌కి కొత్త కోచ్ నీల్ బ్రౌన్: ఆఫెన్స్, డిఫెన్స్ ఎలా ఉండొచ్చు?

తమ్ముడూ, ఈ ఆగస్టులో ఎంఎస్‌కి డెంటన్ వస్తున్నానని, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి నీల్ బ్రౌన్ అనే కొత్త కోచ్ వచ్చాడని, అతని ఆఫెన్స్ (బంతితో దాడి), డిఫెన్స్ (అవతలివాళ్ళని ఆపడం) ఎలా ఉంటాయో చూసినవాళ్ళెవరైనా చెప్పమని అడిగావు. నేను అక్కడ చేరింది 2023లో. అప్పుడూ కొత్త కోచే, ఎరిక్ మోరిస్‌కి అది మొదటి సీజన్. అతను ఉన్న మూడేళ్ళూ జట్టుని దగ్గర నుంచి చూశాను, ఇప్పటికీ వదల్లేదు. ముందే నా అంచనా చెప్పేస్తాను: పరుగు ఆట (పాస్ విసరకుండా బంతి పట్టుకుని పరిగెత్తడం) పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, డిఫెన్స్ నిరుటి కంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఈ మూడూ ఒకదాన్నుంచి ఒకటి వచ్చేవే.

ఇద్దరు కోచ్‌లదీ ఒకే గురుపరంపర. ఎయిర్ రెయిడ్ అని ఒక పద్ధతి ఉంది. మైదానం వెడల్పంతా రిసీవర్లని (పాస్‌లు అందుకునేవాళ్ళని) పరిచి, కొద్దిపాటి ఎత్తుగడలనే వందలసార్లు సాధన చేయించి, చకచకా పాస్‌లు వేయడం. హాల్ మమ్, మైక్ లీచ్ కలిసి 1989లో అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టారు. మోరిస్ టెక్సస్ టెక్‌లో లీచ్ దగ్గర రిసీవర్‌గా ఆడాడు. బ్రౌన్ కెంటకీలో మమ్ దగ్గర రిసీవర్‌గా ఆడాడు. అందుకే చాలామంది "అదే ఆట కొనసాగుతుంది" అంటున్నారు. నేను ఒప్పుకోను. కోచ్ ఎక్కడ ఆట నేర్చుకున్నాడన్నదాని కంటే, చివరిగా తన చేతిలో ఉన్న జట్టుతో ఏం ఆడించాడన్నది చూడాలి.

బ్రౌన్ వెస్ట్ వర్జీనియాలో 2019 నుంచి 2024 దాకా ఉన్నాడు. మొదటి ఏడాది ఆ జట్టు పరుగు ఆటలో దేశంలోనే అట్టడుగున ఉంది. 2022లో ఎయిర్ రెయిడ్ మనిషినే, గ్రాహం హారెల్‌ని ఆఫెన్స్ కోఆర్డినేటర్‌గా (ఆఫెన్స్ నడిపే సహాయ కోచ్‌గా) తెచ్చుకున్నాడు. ఈ హారెల్ అంతకుముందు మన నార్త్ టెక్సస్‌లో పనిచేసినవాడే. ఆ సీజన్ 5-7తో (ఐదు గెలుపులు, ఏడు ఓటములు) ముగిసింది. హారెల్ వెళ్ళిపోయాక బ్రౌన్ బయటివాళ్ళ కోసం వెతక్కుండా రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళ) కోచ్ చాడ్ స్కాట్‌ని కోఆర్డినేటర్‌ని చేశాడు. గ్యారెట్ గ్రీన్ అనే, బాగా పరిగెత్తగలిగే కుర్రాడిని క్వార్టర్‌బ్యాక్‌గా (పాస్‌లు విసిరి ఆఫెన్స్‌ని నడిపేవాడిగా) దించాడు. 2023లో 9-4, పరుగు గజాల్లో దేశంలో ముందు వరుస. నాకు బ్రౌన్ అసలు స్వభావం అక్కడే కనిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే, వెస్ట్ వర్జీనియాకి ముందు బ్రౌన్ కోచ్‌గా ఉన్న ట్రాయ్ యూనివర్సిటీ. 2017లో ట్రాయ్ వెళ్ళి లూసియానాలో ఎల్‌ఎస్‌యూని (లూసియానా స్టేట్ యూనివర్సిటీని) వాళ్ళ సొంత మైదానంలో 24-21తో ఓడించింది. ఆ రాత్రి జోర్డన్ చన్ అనే రన్నింగ్ బ్యాక్ ఒక్కడే 191 గజాలు పరిగెత్తాడు. తమకంటే ఎంతో పెద్ద జట్టు మీద గెలవాలంటే బ్రౌన్ ఎంచుకున్న దారి అది: బంతి మన దగ్గరే ఉంచుకోవడం, గడియారాన్ని కరిగించడం.

ఇది డిఫెన్స్‌కి ఎందుకు ముఖ్యమో 2024 నవంబర్లో మన స్టేడియంలోనే చూశాను. ఆర్మీతో మ్యాచ్. వాళ్ళు పాస్ జోలికి పెద్దగా పోరు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు రావాలి కదా, మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్ళీ మూడు అంటూ ఓపికగా తోసుకుంటూ వస్తారు. రెండో సగంలో ఒకే దాడిలో 21 ఆటలు (ఒక్కో ప్రయత్నం ఒక ఆట), 94 గజాలు, దాదాపు 14 నిమిషాలు. క్వార్టర్ మొత్తమే 15 నిమిషాలు! ముందు వరుసలో నిలబడే మన లైన్‌మెన్ ఒక్కో ఆట అయ్యాక మోకాళ్ళ మీద చేతులు వేసుకుని వంగిపోయేవారు, లేచేలోపే వాళ్ళు మళ్ళీ బారు తీరేవారు. అన్ని పాయింట్లు కొట్టే మన ఆఫెన్స్ గీత బయట నిలబడి చూస్తూ ఉండిపోయింది. చివరికి 14-3తో ఓడాం. ఆ రోజు స్టేడియంలో కూర్చున్నవాడెవడూ ఆఫెన్స్ వేరు, డిఫెన్స్ వేరు అనడు.

మోరిస్ ఆటకి ఉన్న ఇబ్బంది దీనికి రెండో వైపు. మన ఆఫెన్స్ రెండు నిమిషాల్లో టచ్‌డౌన్ కొట్టినా (బంతిని చివరి గీత దాటించినా), రెండు నిమిషాల్లో తడబడి బంతి వదిలేసినా, డిఫెన్స్ వెంటనే మైదానంలోకి రావాలి. టెస్టు మ్యాచ్‌లో రోజంతా బౌలింగ్ చేసి వచ్చినవాళ్ళు, బ్యాటర్లు ఒక్క సెషన్లో ఆలౌటైతే మళ్ళీ బంతి పట్టినట్టు ఉంటుంది. 2023లో మెంఫిస్ మీద 42 కొట్టి కూడా 45-42తో ఓడిపోయాం. 2025లో మన క్వార్టర్‌బ్యాక్ డ్రూ మెస్టమేకర్ పాసింగ్ గజాల్లో దేశంలోనే మొదటివాడుగా నిలిచాడు, జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది, అద్భుతమైన సీజన్. అయినా సౌత్ ఫ్లోరిడా డెంటన్ వచ్చి 63-36తో కొట్టి వెళ్ళింది.

బ్రౌన్ వెస్ట్ వర్జీనియా డిఫెన్స్‌లో ముందు వరుసలో ముగ్గురే ఉండేవారు, వెనక పాస్‌లని అడ్డుకునే డిఫెన్సివ్ బ్యాక్‌లు ఎక్కువ. ఇది కొత్త కాదు, 2023లో మోరిస్ తెచ్చిన కోఆర్డినేటర్ కూడా ముగ్గురితోనే ఆడించాడు. అమరిక చూసి అంచనాకి రావద్దంటాను. పెద్ద పాస్ ఇవ్వకుండా, అడుగడుగునా కష్టపడి రమ్మనే డిఫెన్స్ అది. అలాంటి డిఫెన్స్ నిలబడాలంటే కాళ్ళలో సత్తువ మిగలాలి. ఒక మ్యాచ్‌లో 80 ఆటలు ఆడాల్సివస్తే మిగలదు, 60 అయితే మిగులుతుంది. బ్రౌన్ నెమ్మదైన ఆఫెన్స్ ఆ తేడా తెస్తుందనే నా ఆశ.

ఒక పెద్ద చిక్కు ఉంది. మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్తే మెస్టమేకర్ కూడా అక్కడికే వెళ్ళాడు, ఇంకా చాలామంది వెళ్ళారు. ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కాలంలో కోచ్ మారితే జట్టు సగం మారుతుంది. కాబట్టి మొదటి ఏడాది బ్రౌన్ ఆటని తేల్చేది క్వార్టర్‌బ్యాక్ స్థానం. బాగా పరిగెత్తే కుర్రాడు ఆడితే 2023 వెస్ట్ వర్జీనియా చూస్తావు. నిలబడి విసిరేవాడైతే పాస్‌లే ఎక్కువ ఉంటాయి.

మొదటి మ్యాచ్ స్కోరు చూసి కోచ్ మీద తీర్పు ఇవ్వకు. 2023లో మోరిస్ తొలి మ్యాచ్‌లో కాలిఫోర్నియా జట్టు ఇంటికొచ్చి 58-21తో చితక్కొట్టింది. నా పక్కన కూర్చున్న మనవాళ్ళు కొందరు అర్ధవిరామంలోనే లేచి వెళ్ళిపోయారు. ఆ ఏడాది 5-7 అయినా, సీజన్ సాగేకొద్దీ ఆఫెన్స్ ఎవరినైనా భయపెట్టే స్థాయికి వచ్చింది.

స్కోరుబోర్డు బదులు మూడు విషయాలు చూడు. ఒక ఆట అయ్యాక 40 సెకన్ల గడియారంలో ఎంత మిగిలి ఉండగా బంతి అందుకుంటున్నారు? పది లోపు అయితే వేగం తగ్గించినట్టే. లైన్ పక్కన టైట్ ఎండ్ (అడ్డు నిలవడం, పాస్ అందుకోవడం రెండూ చేసేవాడు) అంటుకుని నిలబడుతున్నాడా, రిసీవర్‌లా దూరంగా ఉన్నాడా? అన్నిటికంటే ముఖ్యం, మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) రెండు గజాలు కావాల్సినప్పుడు ఏం చేస్తారో. అప్పుడు గార్డ్ (మన ముందు వరుసలో దారి చేసేవాడు) తన చోటు వదిలి లైన్ అవతలి వైపుకి పరిగెత్తి, అతని వెనకే రన్నింగ్ బ్యాక్ దూసుకెళ్తే, బ్రౌన్ తన ఆటని డెంటన్‌కి తెచ్చేశాడన్నమాట. ఐ-35ఈ హైవే మీద కాలిబాట వంతెన దాటి స్టేడియంకి కాస్త ముందే వచ్చి మధ్య గీతకి దగ్గర్లో, వీలైనంత పైన కూర్చో. పైనుంచి చూస్తేనే గార్డ్ కదలిక తెలుస్తుంది.