టెక్ సందేహాలు: కోడ్ లేదంటే లోపం లేదనా?

ప్రశ్న: మాది ఏడేళ్ల పెట్రోలు కారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఐదారు సెకన్లు తిరిగాక గానీ ఇంజిన్ అందుకోదు. తర్వాత రోజంతా ఒక్క దెబ్బకే స్టార్టవుతుంది. బ్యాటరీ మార్పించినా తేడా లేదు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం) కొని చూస్తే కోడ్‌లేమీ లేవంటోంది. స్కానర్ పనికిరానిదా?

జవాబు: స్కానర్‌ను అనకండి. సెన్సర్ రీడింగ్ హద్దులు దాటితేనే కంప్యూటర్ సాధారణంగా కోడ్ రాసుకుంటుంది. హద్దుల్లోనే ఉండి అబద్ధం చెప్పే సెన్సర్‌ను చాలాసార్లు నమ్మేస్తుంది.

బ్యాటరీ కొనేముందు సెల్ఫ్ చప్పుడు విని ఉండాల్సింది. అది నీరసంగా, ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారును అనుమానించాలి. మల్టీమీటర్ పెడితే ఆగి ఉన్న కారులో 12.6 వోల్టుల దాకా ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. (నేనూ ఒకసారి తొందరపడి బ్యాటరీ మార్చేశాను. అసలు దొంగ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడి!) మీ సెల్ఫ్ మాత్రం హుషారుగానే తిరుగుతున్నట్టుంది. అలాగైతే చూడాల్సింది పెట్రోలు, స్పార్కు, సెన్సర్లు.

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్‌లో పెట్టండి. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా పంపు తిరిగిన శబ్దం వస్తుంది. ఆపేసి, పది సెకన్లాగి మళ్లీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ వెంటనే అందుకుందా? అయితే రాత్రంతా పెట్రోలు లైనులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంపులో పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ నిలపట్లేదేమో, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతోందేమో మెకానిక్ గేజ్ పెట్టి తేలుస్తాడు. ఆ లైను మీరు విప్పకండి.

దాంతో తేడా కనిపించకపోతే స్కానర్‌కు పని చెప్పండి. మరుసటి పొద్దున కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే లైవ్ డేటాలో (సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెల్లో) కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత పక్కపక్కన చూడండి. రాత్రంతా కదలని కారులో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. గాలి 22 డిగ్రీలుంటే కూలెంట్ 60 అంటోందనుకోండి, ఇంజిన్ వేడిగానే ఉందని కంప్యూటర్ పెట్రోలు తగ్గించి పంపుతుంది. చల్లటి ఇంజిన్‌కు కావాల్సింది ఎక్కువ పెట్రోలు. పొద్దున మాత్రమే మొరాయించే మీ కారుకు నా మొదటి అనుమానం పెట్రోలు ప్రెషర్, కూలెంట్ సెన్సర్ ఈ రెండింటి మీదే.

ఇవి రెండూ బాగుంటే స్పార్క్ ప్లగ్‌లు మార్చి ఎన్నాళ్లయిందో చూసుకోండి. డీజిల్ కారు వాళ్లయితే ముందు గ్లో ప్లగ్‌లే (చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేందుకు లోపల వేడి పుట్టించేవి) చూడాలి. ఏ కారైనా సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఆపకుండా తిప్పొద్దు, మోటారు వేడెక్కిపోతుంది.

ప్రశ్న: స్కానర్‌ను పోర్టులోనే వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. కారు ఆపినా ఆ పోర్టుకు బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. స్కానర్ 40 మిల్లీఆంపియర్లు లాగినా రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్ ఖర్చు. రెండు వారాలు ఊరెళ్లొస్తే కొత్త బ్యాటరీ కూడా నీరసపడుతుంది. పైగా చౌక రకాల బ్లూటూత్ పిన్ తరచూ 1234 గానే ఉంటుంది, దగ్గర్లో ఉన్న ఎవరైనా దానికి కనెక్ట్ కావచ్చు.